పటంలో కనిపించని పుట్టివాళ్ల ఇల్లు

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దన్నారు. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు, ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతారు. వాళ్ల అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున, అప్పటి నందికొట్కూరు తాలూకాలో ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయింది. ఈమె పుట్టేనాటికే ఆ ఊరు లేదు. ఊరు ఖాళీ అయ్యే చివరి ఏడాది గురించి, నదిలో పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ) నడిపే బెస్తవాళ్ల పన్నెండేళ్ల అమ్మాయి కళ్లతో ఒక నవల రాయాలని ఆమె కోరిక. మూడేళ్లుగా సిద్ధమవుతున్నారు. ఐదు నోటుపుస్తకాలు నిండాయి, గోడకు పెద్ద పటం అంటించారు, చుట్టాల ఇళ్లలోని పాత ఫొటోలన్నీ సేకరించారు. రాసింది మాత్రం ఆరు పేజీలే. ఆ ఆరు పేజీలూ, పటం నకలూ నాకు పంపారు.

ముందుకు సాగకపోవడానికి ఆమె చెప్పిన కారణాలు నాలుగు. ఆంజనేయస్వామి గుడికి బావి తూర్పున ఉండేదని అమ్మ, పడమరన ఉండేదని పెద్దమామ పట్టుబడుతున్నారు. ఒకరితో మాట్లాడినప్పుడల్లా పటం చెరిపి మళ్లీ గీయాల్సి వస్తోంది. సాహిత్య మిత్రుల్లో ఒకరు "ఊరు అరచేతిలో గీతల్లా తెలిసేదాకా కలం పట్టొద్దు" అంటే, ఇంకొకరు "ఈ సన్నాహాలే నవలను చంపుతాయి, ఇవాళే మొదలుపెట్టు" అంటున్నారు. పరిహారం నాటి తగాదాలు మళ్లీ పైకి వస్తాయని, ఊరి పేరు పెట్టి రాయవద్దని పెద్దమామ గట్టిగా చెప్పారు. డెబ్భై దాటిన అమ్మ రోజూ సాయంత్రం "ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదట. "ఇంకా సిద్ధం కావాలా, మొదలుపెట్టాలా? కళ్లతో చూడని ఊరిని కళ్ల ముందు నిలుపుకోవడం ఎలా?" అని అడిగారు.

మీ ఉత్తరం కంటే ముందు మీ పటాన్ని చాలాసేపు చూశాను. ఎంత శ్రద్ధగా గీశారో! గుడి వీధిలో ప్రతి ఇంటికీ పేరుంది. ఏ ఇంటికి రెండు వాకిళ్లున్నాయో, ఎవరి పెరట్లో మునగచెట్టుందో గుర్తించారు. పీర్ల చావిడి, రచ్చకట్ట, గింజలు దాచుకునే పాతర్లు, కల్లాలకు పోయే బాట అన్నీ ఉన్నాయి. నది పటం పై అంచున ఒక నీలిగీతగా ఉంది. మీ కథానాయిక ఇల్లు ఎక్కడుందా అని వెతికాను, కనిపించలేదు. ఊరికి ఉత్తరాన ఒక మూల "బెస్తవాళ్లు" అని మాత్రం రాసి ఉంది. దళితవాడ కూడా అంతే, ఒక్క మాట, చుట్టూ ఒక గీత.

మీ చిక్కు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మూడేళ్లుగా మీరు సిద్ధం చేసింది మీ అమ్మ తలచుకుంటున్న ఊరు. మీరు రాయదలచింది ఆ పిల్ల బతికిన ఊరు. ఒకే నేల మీద ఉన్నా, ఈ రెండూ ఒకటి కావు. గుడి వీధి ఎంత పూర్తయినా నవల కదలదు, ఎందుకంటే మీ కథానాయికకు ఆ వీధిలో పెద్దగా పనే లేదు. మీ ఆరు పేజీల్లో కూడా ఆమె గుడి వీధిలో నడుస్తూ ఇళ్లను ఒక్కొక్కటిగా చూస్తుంది. అది ఊరికి వచ్చిన చుట్టం చూపు. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల ఇళ్లను అలా చూడదు. ఏ అరుగు మీద కూర్చుంటే కసురుతారో, ఏ ఇంటి కుక్క వెంటపడుతుందో, చేపలు తీసుకుని డబ్బులు రేపిస్తామనే ఇల్లేదో ఆమెకు తెలుస్తుంది.

కాబట్టి సన్నాహం ఆపమని నేను అనను. ఒక పక్కనే సాగిన సన్నాహాన్ని రెండో పక్కకు తిప్పమంటున్నాను. నది ఒడ్డు నుంచి మొదలుపెట్టండి. వాళ్ల ఇల్లు రాతిగోడల మిద్దెనా, బోదగడ్డి కొట్టమా? వరద వస్తే ముందు నీళ్లు చేరేది వాళ్ల గడపకే, అప్పుడు సామాను ఎక్కడికి మోసేవారు, ఎవరి పంచన తలదాచుకునేవారు? పుట్టి అల్లడానికి వెదురు ఎక్కడి నుంచి వచ్చేది? ఒడ్డున బోర్లించిన పుట్టి నీడలో పిల్లలు ఆడుకునేవారా? నది దాటించినందుకు రైతులు అప్పటికప్పుడు డబ్బులిచ్చేవారా, పంటలప్పుడు కల్లం దగ్గర గింజలు కొలిచేవారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే ఆ ఇంట్లో ఏ నెలలో తిండికి లోటుండదో, ఏ నెలలో అప్పు చేస్తారో తెలిసిపోతుంది. అక్కడి నుంచి సన్నివేశాలు వాటంతటవే పుడతాయి.

నది గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మీ కథలో దానికంటే పెద్ద స్థలం లేదు. ఇవాళ మీరు చూసే కృష్ణ 1981 నాటి కృష్ణ కాదు. అప్పటికి ఎగువన జూరాల ఆనకట్ట లేదు, ఆల్మట్టి ఆనకట్ట లేదు. ఎక్కడో మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల్లో వాన పడితే ఆ నీరు దిగువకు వచ్చేది. మన దగ్గర ఆకాశం తేటగా ఉండి, చేలు వానకోసం నోళ్లు తెరుచుకుని ఉన్న ఆగస్టులో నది నిండుగా పారేది. రైతు పైకి చూస్తూ దిగులుపడుతున్న రోజున పుట్టివాడు కింద నీటి రంగు మారడం చూసి పుట్టిని గట్టు మీదికి లాగుతాడు. ఒకే ఊరిలో, ఒకే పొద్దున ఇద్దరికీ రెండు కాలాలు. మీరు ఇది రాయాలి. ఎండాకాలంలో నది పాయలుగా చీలి ఇసుక బయటపడితే, చెలమలు తీసి నీళ్లు తోడుకోవడం, దోసపాదులు పెట్టడం, దాటే అవసరం తగ్గి పుట్టివాడి రాబడి పడిపోవడం కూడా అంతే ముఖ్యం.

ఊరు పోవడం అంటే ఆ ఇంటికి ఏమిటో కూడా వేరే. పట్టా ఉన్న రైతుకు నష్టం సర్వే నంబర్లలో లెక్కకొస్తుంది, పరిహారం చాలకపోయినా ఒక కాగితం ఉంటుంది. నది మీద బతికేవాడికి నది పట్టా ఎవరిస్తారు? పైగా పుట్టికి నది వేరు, జలాశయం వేరు. పారే నీటిలో ఏ వాలున ఎంత తెడ్డు వేయాలో తెలిసినవాడు, ఒడ్డు కనిపించని నిలవ నీటిలో గాలికి లేచే అలల ముందు కొత్తవాడే. నీళ్లు పెరిగేకొద్దీ ఆ తండ్రి నేర్పు ఎందుకూ పనికిరాకుండా పోవడాన్ని ఆ అమ్మాయి చూస్తుంది. ఇది మీ గుడి వీధి పటంలో ఎంత వెతికినా దొరకదు.

ఇక బావి తగాదా. అమ్మనూ పెద్దమామనూ "బావి ఎక్కడుంది?" అని అడగడం మానేయండి. "బావికి ఏ పనిమీద వెళ్లేవారు, ఇంటి నుంచి ఎలా వెళ్లేవారు, దారిలో ఎవరు ఎదురయ్యేవారు?" అని అడగండి. ఆడపిల్లగా మీ అమ్మ బిందెతో మంచినీళ్లకు వెళ్లిన బావి, మగపిల్లవాడిగా పెద్దమామ ఎద్దులు కడగడానికో ఈత కొట్టడానికో వెళ్లిన బావి వేరువేరు కావచ్చు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఒకటే బావి అని తేలినా మీ ముందు రెండు మార్గాలున్నాయి. మీ కథకు ఏది కావాలో ఆ దిక్కున పెట్టి, ఇక ఆ పేజీ తెరవకపోవడం ఒకటి. అలా చేస్తే పని సాగుతుంది, పుస్తకం వచ్చాక పెద్దమామ ఆ పేజీ దగ్గర ఆగి మీకు ఫోను చేస్తారు, దానికి మీరు సిద్ధపడాలి. రెండోది, ఆ తేడానే కథలోకి తేవడం. ఊరు మునిగిన కొన్నేళ్లకే అన్నాచెల్లెళ్లు బావి దిక్కు మీద వాదించుకునే సన్నివేశం చాలా బలంగా ఉంటుంది. అయితే అప్పుడు నవల 1981లో ఆగదు, తర్వాతి కాలంలోకి సాగాలి. పన్నెండేళ్ల పిల్ల చూపు ఒక్కటే సరిపోదు, ఆమె పెద్దయ్యాక తలచుకుంటున్నట్టు మార్చుకోవాలి. మొత్తం కథనమే మారే నిర్ణయం కనుక నిదానంగా ఆలోచించండి.

స్థలాన్ని ఊహించడంలో మీరు గమనించని సంగతి కాలం. మీ ఆరు పేజీల్లో మామిడికాయల రోజుల్లో పీర్ల పండుగ జరుగుతోంది. మొహర్రం చాంద్రమానాన్ని బట్టి ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 1981లో ఆ నెల అక్టోబరు ఆఖరున మొదలైంది. మీ కథలో ఊరు ఎండాకాలంలో ఖాళీ అవుతుంది కాబట్టి, ఆ ఊళ్లో జరిగిన చివరి పీర్ల పండుగ 1980 నవంబరుదే. అంటే మీ మొదటి అధ్యాయం ఆరు నెలలు వెనక్కి వెళ్లాలి. వెళితే నష్టం లేదు, లాభమే ఉంది. అప్పుడు నల్లరేగడిలో జొన్న పైరు పచ్చగా ఉంటుంది, తెల్లవారుజామున చలి ఉంటుంది, గుండం చుట్టూ జనం వెచ్చదనానికి చేరుతారు, "వచ్చే ఏటికి ఇక్కడ ఉంటామా" అన్న మాట నమ్మీ నమ్మనట్టు నడుస్తుంది. ఆ మాట నిజమయ్యేదాకా మీకు ఆరు నెలల కథ దొరుకుతుంది. అలా కాకుండా ఎండలోనే మొదలుపెట్టాలనుకుంటే పీర్ల పండుగను వదిలి, ఏప్రిల్ మొదటి వారంలో వచ్చిన ఉగాదిని తీసుకోండి. ఆ కొత్త సంవత్సరం పేరు దుర్మతి. ఇది కథను బిగుతుగా ఉంచుతుంది కానీ, హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లు ఎత్తే ఆ ఊరి తీరు చూపే చోటు పోతుంది. నేనైతే నవంబరు వైపే మొగ్గుతాను. ఆనాటి పంచాంగం దొరికితే దగ్గర పెట్టుకోండి. రాత్రి సన్నివేశం రాసే ముందు అది వెన్నెల రాత్రో అమావాస్యో చూసుకోవచ్చు. కరెంటు దీపాలు తక్కువైన నది ఒడ్డు ఊళ్లో అది చాలా తేడా తెస్తుంది.

ఇలాంటివే ఇంకో రెండు. మీ పేజీల్లో తండ్రి "మండలాఫీసుకు" వెళతాడు. మండలాలు వచ్చింది 1985లో, అప్పుడు ఉన్నవి తాలూకా, దాని కింద ఫిర్కా. ఊళ్లో కరణం, మునసబు ఇంకా ఉన్నారు, ఆ పదవులు రద్దయింది 1984లో. పరిహారం కాగితాల కథలో కరణం ఇల్లు మామూలు ఇల్లు కాదు, ఊరంతా అక్కడికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడిన చోటు. మీ పటంలో దాన్ని కూడా మిగతా ఇళ్లంత పరిమాణంలోనే గీశారు. అలాగే ఇప్పుడు నందికొట్కూరు, ఆత్మకూరు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. 2022కు ముందు కాలం రాస్తున్నప్పుడు వాటిని కర్నూలు జిల్లాలోనే ఉంచండి.

చూడని ఊరిని చూడటం ఎలా అన్నారు. జ్ఞాపకాల మీదే పూర్తిగా ఆధారపడకుండా కొన్ని కాగితాలు వెతకండి. 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో గ్రామాల పట్టిక ఉంటుంది. ఊరి జనాభా, విస్తీర్ణం, బడి, తాగునీటి వసతి, కరెంటు, తపాలా, దగ్గరి పట్టణం వంటివి అందులో తెలుస్తాయి. పదేళ్ల తేడా ఉన్నా మునగక ముందటి ఊరు అది. సర్వే శాఖ దగ్గర పాత గ్రామపటం నకలు దొరికితే వాగులు, బాటలు, బావులు, సర్వే నంబర్లు తెలుస్తాయి. బావి తగాదా అక్కడే తీరిపోవచ్చు కూడా. శ్రీశైలం పైభాగపు పాత స్థలపటాలు దొరికితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఏ వీధిలోకి నీళ్లు ముందు వచ్చాయో, ఏ ఇల్లు చివరిదాకా నిలిచిందో అప్పుడు మీరు ఊహించనక్కరలేదు, లెక్క కట్టవచ్చు. వీటికోసం ఒక గడువు పెట్టుకోండి, ఈ వేసవి సెలవులు చాలు. ఆ తర్వాత దొరికినవి రెండో ప్రతిలో చేర్చవచ్చు.

జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో చాలా పాత ఊళ్ల ఆనవాళ్లూ తేలతాయి. మీ అమ్మగారి ఊరి నేల కూడా తేలుతుందని రాశారు, మీరు మాత్రం వెళ్లలేదన్నారు. వెళ్లండి. అక్కడి నీటిని ఎరిగిన జాలరులను తోడు తీసుకోండి, పైన ఆరిపోయినట్టున్నా లోపల దిగబడే బురద ఉంటుంది. అక్కడ ఏం చూడాలో, ఏం నమ్మకూడదో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. దూరాలు, వాలు, దిక్కులు నమ్మవచ్చు. ఊరి నుంచి నది పాయదాకా పన్నెండేళ్ల పిల్ల నడకలో ఎంతసేపు పడుతుందో నడిచి చూడండి. పొద్దు ఏ గుట్ట వెనక వాలుతుందో చూడండి. నేల రంగు, ఎత్తు, నిశ్శబ్దం మాత్రం నమ్మవద్దు. నలభై ఏళ్ల ఒండ్రు అది, చెట్లు లేవు, పశువులు లేవు, నీడ లేదు. ఆ బీడు మనసులో పడితే నవలలోని బతికున్న ఊరు కూడా శిథిలంలా తయారయ్యే ప్రమాదం ఉంది. అందుకే ముందు కనీసం రెండు అధ్యాయాలు రాసి, ఆ తర్వాత వెళ్లమని నా సలహా. అమ్మను కూడా తీసుకెళ్లాలా అన్నది ఆమెకే వదిలేయండి. కొందరికి అక్కడ నిలబడితే ఊరట, కొందరికి తట్టుకోలేని బాధ.

ఊరి పేరు సంగతి. అసలు పేరే పెడితే నవలకు సాక్ష్యం బరువు వస్తుంది, అలా మునిగిన ఊళ్లవాళ్లు దాన్ని తమదిగా చేసుకుంటారు. అయితే ప్రతి పాత్రనూ ఎవరో ఒకరితో పోల్చుకుంటారు, కరణం పాత్ర చెడ్డవాడైతే ఆ కరణం మనవలకు మీరు జవాబు చెప్పాలి. పెద్దమామ భయంలో న్యాయం ఉంది. పేరు మార్చి, నదినీ నందికొట్కూరునూ ఆత్మకూరునూ కర్నూలునూ అలాగే ఉంచడం రెండో దారి. ఇళ్లు, మనుషులు, తగాదాలు మీ చేతిలో ఉంటాయి. కానీ ఊరిని ఒకచోట నిలిపాక దూరాలు తప్పకూడదు, కర్నూలుకు బస్సు ఎక్కాలంటే ఎక్కడిదాకా నడవాలో చివరి పేజీదాకా అంతే ఉండాలి. మూడో దారి కూడా ఉంది, రెండు మూడు మునిగిన ఊళ్లను కలిపి ఒక ఊరు చేయడం. కల్పనకు అది హాయి కానీ, మీ అమ్మ అందులో తన ఊరిని గుర్తుపట్టకపోవచ్చు. అది మీకు సమ్మతమేనా? మీ ఉత్తరం చదివితే రెండోదే మీ స్వభావానికి సరిపోతుందనిపించింది. ఏది ఎంచుకున్నా రాయడం మొదలుపెట్టాక పెద్దమామకు చెప్పండి, అనుమతి కోసం ఆగినట్టు కాకుండా.

మిత్రులిద్దరిలో ఎవరి మాట వినాలంటే, నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ఊరంతా తెలిసేదాకా ఆగమన్న మాట చూడని ఊరి విషయంలో చెల్లదు, అది ఎప్పటికీ పూర్తిగా తెలియదు. ఇవాళే మొదలుపెట్టమన్న మాట విని గుడి వీధి ఊరితోనే మొదలుపెడితే మూడు అధ్యాయాల్లో ఆగిపోతారు. మధ్యే దారి ఒకటి చూడండి. గోడ మీది పటాన్ని తీయకుండా, పక్కనే ఇంకొక కాగితం అంటించండి. దాని మధ్యలో బెస్తవాళ్ల ఇల్లు, పుట్టి నిలిపే రేవు గీసి, ఆ పిల్ల ఒక్క రోజులో వెళ్లే చోట్లు మాత్రమే చేర్చండి. వెళ్లనివి ఖాళీగా వదలండి. ప్రతి అధ్యాయం రాశాక ఆ అధ్యాయంలో వచ్చిన కొత్త చోటును గీయండి. పటం కథ వెనక నడుస్తుంది, తప్పులు ముందే కనిపిస్తాయి, మళ్లీ చెరిపే పని తగ్గుతుంది. దీనికీ ఒక కష్టం ఉంది. సగంలో ఎక్కడో మొదటి అధ్యాయంలోని రేవు తప్పు చోట ఉందని తెలుస్తుంది, వెనక్కి వెళ్లి సరిచేయాలి. ఆ రోజు నిరుత్సాహపడకండి, రాస్తున్న ప్రతివారికీ అది వచ్చే రోజే.

ఐదు నోటుపుస్తకాలు వృథా అయ్యాయని మాత్రం అనుకోవద్దు. అవి నవలకు కాకపోయినా మీ కుటుంబానికి, ఆ గుడి వీధివాళ్లకు ఎంతో విలువైనవి. వాటిని విడిగా ఒక ఊరి చరిత్రగా శుభ్రంగా రాసి, ఫొటోలు చేర్చి అమ్మ చేతికి ఇవ్వవచ్చు. ఆమె సాయంత్రం అడిగే ప్రశ్నకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది, నవల మీద ఆమె ఆశల బరువు కూడా తగ్గుతుంది. దీనికి రెండు మూడు నెలలు పడుతుంది, నవల అంత ఆలస్యమవుతుంది. అమ్మ ఆరోగ్యం, వయసు చూసుకుని నిర్ణయించుకోండి. నాకైతే ఆ ఆలస్యం సబబే అనిపిస్తుంది.

చివరగా, మీ ఉత్తరమంతా వెతికినా ఒక బెస్త కుటుంబంతో మాట్లాడినట్టు ఎక్కడా లేదు. వాళ్లు ఊరు వదిలాక ఎటు వెళ్లారు? పునరావాస కాలనీకా, కర్నూలులో కూలిపనికా, జలాశయంలో చేపలవేటకేనా? పెద్దమామకు తెలియకపోతే సంగమేశ్వరం వైపు జాలరులను అడగండి. ఆనాడు పది పన్నెండేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి, చాలామంది ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి నోటుపుస్తకంతో మొదటి రోజే వెళ్లకండి. పరిచయం కానివ్వండి, మీరు ఏం రాయాలనుకుంటున్నారో ముందే చెప్పండి, వాళ్లు వద్దన్న సంగతులు రాయకండి. గుడి వీధి ఇంటి మనవరాలు వచ్చి తమ కథ అడుగుతోందంటే వాళ్లకు కొంత బెరుకు, కొంత కోపం ఉండవచ్చు, దాన్ని ఓపికతో వినండి. పుట్టి ఎలా అల్లుతారో చూపించమని అడగండి.